తిరుపతిలో పర్యావరణ బృందం: తేదీ సరిగ్గా పడితే సగం పని అయినట్టే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: తిరుపతిలో ఒకే కాలనీవాళ్ళు పదిహేనుమంది కలిసి పర్యావరణ బృందం పెట్టుకున్నారు. జూన్ 5న మూడొందల మొక్కలు నాటి, విత్తన బంతులు (గింజలు పెట్టిన మట్టి ఉండలు) విసిరి, కపిలతీర్థం గుడి దగ్గర ప్లాస్టిక్ ఏరి శ్రీకారం చుడదామనుకుంటున్నారు. ఏమేం సిద్ధం చేసుకోవాలి, జనం ఎలా వస్తారు?

ముందు తేదీ మార్చండి. ప్రపంచ పర్యావరణ దినం 1973 నుంచి జరుగుతోంది గానీ, మన ఎండకు ఆ సంగతి తెలియదు. జూన్ మొదటి వారంలో తిరుపతిలో నేల ఇంకా కాలుతూనే ఉంటుంది. నైరుతి వానలు ఇక్కడ కొంత పడినా వాటికి నిలకడ లేదు. అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా పడుతుంది, నవంబరులో జోరు ఎక్కువ. జూన్‌లో నాటిన మొక్కకు ఆ వాన అందేదాకా నాలుగు నెలలు మీరే నీళ్ళు మోయాలి. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో నాటిన మొక్కకు రెండున్నర నెలల నీళ్ళు ఉచితం. వేరు దిగాక వేసవిలోకి వెళుతుంది. ఉత్తరాది నుంచో కోస్తా పైభాగం నుంచో వచ్చిన కేలెండర్ పట్టుకుని ఇక్కడ నాటడం మొక్కలు చావడానికి ఒక కారణం.

తర్వాత సంఖ్య. ఒక మొక్కకు వేసవిలో వారానికి రెండుసార్లు, ప్రతిసారీ పదిహేను లీటర్లు పోయాలి. ముప్పై మొక్కలైతే ఒక్కో విడతకు 450 లీటర్లు. 500 లీటర్ల డ్రమ్మును ట్రాలీ ఆటోలో పెట్టుకుంటే ఇద్దరు మనుషులు గంటన్నరలో ముగిస్తారు. జనవరి నుంచి జూన్ మధ్య దాకా సుమారు 24 వారాలు, అంటే 21,600 లీటర్లు. ఇదే లెక్క మూడొందల మొక్కలకు వేస్తే 2,16,000 లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లు నలభై మూడు దాటతాయి. ఆ డబ్బు, ఆ మనుషులు ఉన్నారా? లేకపోతే ముప్పైతో ఆగండి. ఫోటోలో మూడొందలు బాగుంటాయి, మరుసటి జూన్‌లో ముప్పై బాగుంటాయి.

గుంత ఒకటిన్నర అడుగు పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు. కొండ కింది నేల అయితే, అంటే గులకరాళ్ళతో గట్టిగా ఉంటే, రెండు అడుగులు తవ్వాలి. అలాంటి నేలలో గడ్డపారతో ఒక్క గుంతకు అలవాటున్న మనిషికే ముప్పావు గంట పడుతుంది. కాబట్టి కార్యక్రమం రోజు వాలంటీర్ల చేత తవ్వించాలని చూడకండి. పదిమంది చేతులు బొబ్బలెక్కి, ఎనిమిది గుంతలయ్యేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. వారం ముందే కూలీలను పెట్టి తవ్వించండి. తవ్వేటప్పుడు పై అర అడుగు మట్టి ఒక పక్కకు, అడుగు మట్టి ఇంకో పక్కకు వేయమనండి. పూడ్చేటప్పుడు పై మట్టిలో ఒక తట్ట బాగా మాగిన పశువుల ఎరువు కలిపి కిందికి వేయాలి. పచ్చి ఎరువు వేస్తే వేడికి వేళ్ళు మాడతాయి, చెదలు కూడా పడతాయి.

మొక్క మూడు నాలుగు అడుగుల ఎత్తుది తీసుకోండి. నర్సరీలో కవరు అడుగున చూడండి. వేరు గుండ్రంగా చుట్టుకుని ఉంటే ఆ మొక్క వద్దు, చవగ్గా ఇచ్చినా వద్దు. నాటేటప్పుడు కవరును బ్లేడుతో పక్కనుంచి కోసి, మట్టి ముద్ద చెదరకుండా దింపాలి. కవరుతోనే నాటేసేవాళ్ళు ప్రతి కార్యక్రమంలో ఇద్దరు ముగ్గురు ఉంటారు. దీనికి ఒక చిట్కా: ముప్పై మొక్కలు ఇచ్చారంటే చివర్లో ముప్పై ఖాళీ కవర్లు లెక్కపెట్టి తీసుకోండి. తగ్గితే అప్పుడే వెతకండి.

రకాలు: కానుగ మొదటి ఎంపిక. పశువులూ మేకలూ దాన్ని పెద్దగా ముట్టవు, ఎండకు ఓర్చుకుంటుంది. వేప, నేరేడు, చింత, రావి చోటును బట్టి. కరెంటు తీగల కింద ఇవేవీ వద్దు. రెండేళ్ళకు లైన్‌మన్ వచ్చి మోడు చేసి పోతాడు. అలాంటిచోట గన్నేరు, నందివర్ధనం లాంటి పొదలు పెట్టండి. తొందరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ అనే విదేశీ మొక్క పెట్టమనేవాళ్ళుంటారు, వినకండి. ఇక్కడి పిట్టకూ పురుగుకూ దానితో పెద్దగా పని లేదు. ఎర్రచందనం మన శేషాచలం చెట్టే కాబట్టి పెట్టాలని అందరికీ ఉంటుంది. పెట్టొచ్చు. కాకపోతే రేపు కొట్టాలన్నా తరలించాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. పార్కుల్లో పర్వాలేదు గానీ ఇంటి ఆవరణలో పెట్టేవాళ్ళకు ఆ మాట ముందే చెప్పండి. మొక్క చుట్టూ కట్టే వెదురు కంచె ఐదడుగులకు తగ్గకూడదు. ఆవు మెడ చాచితే నాలుగడుగుల కంచె దానికి ఆకు పెట్టిన పళ్ళెమే.

విత్తన బంతుల సంగతి. పిల్లలకు సరదా, పేపర్లో ఫోటో, ఇంతకు మించి ఆశ పెట్టుకోకండి. వేప పండ్లు ఇక్కడ జూన్, జూలైలో రాలతాయి. వేప గింజ కొన్ని వారాల్లోనే మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటుంది. జూన్‌లో బంతి చేసి విసిరితే, వాన వచ్చే అక్టోబరుకు లోపల ఉన్నది చచ్చిన గింజ. ఈలోగా ఎలుకలు, చీమలు, నెమళ్ళు తమ పని చేసుకుంటాయి. పైగా శేషాచలం అడవిలోకి వెళ్ళి విసరడానికి మీకు హక్కు లేదు. అది 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించిన ప్రాంతం, అందులోనే శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం ఉంది. అనుమతి లేకుండా లోపలికి వెళ్ళడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. అదే గింజలను పిల్లల చేత కడిగిన పాల ప్యాకెట్లలో వేయించండి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు ఎరువు, అడుగున నాలుగు చిల్లులు. మొలిచింది పిల్లవాడి కళ్ళ ముందు ఉంటుంది. ఆ మొక్కలే మీ వచ్చే ఏడాది నాటే కార్యక్రమానికి పనికొస్తాయి.

ఇక చెత్త ఏరడం. కపిలతీర్థం ఎంచుకోవడానికి కారణం అర్థమవుతుంది: అందరికీ తెలిసిన చోటు. కానీ అక్కడ కవరు పడేసిన భక్తుడు మధ్యాహ్నానికే బస్సెక్కి ఊరికి పోయాడు. మీ మాట ఎవరు వినాలో వాళ్ళు అక్కడ ఉండరు. దేవస్థానం పరిధి కాబట్టి వాళ్ళ అనుమతీ కావాలి, సోమవారాల్లో, కార్తీకమాసంలో అడుగుపెట్టే సందు ఉండదు. మొదటి మూడుసార్లు మీ కాలనీ వాననీటి కాలువ గట్టు, దాని పక్క ఖాళీ స్థలం తీసుకోండి. చెత్త వేసేవాళ్ళు మేడ మీద నుంచి చూస్తుంటారు. అంతకంటే మంచి ప్రచారం లేదు.

దీనికీ తేదీ ఉంది: సెప్టెంబరు, ఈశాన్య వానలకు ముందు. కొండ మీద పడిన వాన కొన్ని గంటల్లో ఊరి కాలువల్లోకి దిగి, స్వర్ణముఖి వైపు పోతుంది. కల్వర్టు మూతి దగ్గర కవర్లు, థర్మోకోల్, కొబ్బరి బోండాలు అడ్డుపడితే నీళ్ళు వీధిలోకి ఎక్కుతాయి. 2021 నవంబరు వరద చూసినవాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. డిసెంబరులో ఏరితే అప్పటికే సగం చెత్త నదిలో ఉంటుంది.

నలభైమంది వస్తారనుకుంటే ఆరేసిమంది చొప్పున జట్లు చేయండి. ఒకరు బస్తా పట్టుకోవాలి, నలుగురు ఏరాలి, ఒకరు లెక్క రాయాలి. బస్తాలు కొనకండి, వాడేసిన బియ్యం సంచులు, యూరియా బస్తాలు కిరాణా కొట్లలో, రైతుల దగ్గర దొరుకుతాయి. జట్టుకు ఎనిమిది చాలు. అరచేతికి రబ్బరు పూత ఉన్న నూలు గ్లౌజులు మనిషికో జత, ఇంకా పది జతలు అదనం. ఆసుపత్రిలో వాడే పల్చటి గ్లౌజులు పది నిమిషాల్లో చిరుగుతాయి, చిరిగి అవే చెత్తవుతాయి. జట్టుకు రెండు పొడవాటి పటకార్లు, ఒక కర్ర, ఒక ఇనుప బకెట్టు. బకెట్టు గాజు పెంకులకే. పగిలిన మందు సీసా బస్తాలో వేస్తే మోసేవాడి పిక్క కోసుకుంటుంది. 50 కిలోల వేలాడే త్రాసు ఒకటి. సిరంజిలు, సూదులు ఎవరూ ముట్టుకోకూడదు. కనబడినచోట కర్ర పాతి గుడ్డ కట్టి, కార్పొరేషన్ పారిశుద్ధ్య సిబ్బందికి చూపించండి. కాలువలోకి దిగడం, పూడిక తీయడం మీ పని కాదు. మూసి ఉన్న కాలువలో విషవాయువు ఉంటుంది. గట్టు మీదే ఉండండి.

చేయి పెట్టే ముందు కర్రతో కదపాలి. పొదల్లో కట్లపాము, రక్తపింజర రెండూ ఉంటాయి. కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఏదీ చేయకూడదు. ఉంగరం, వాచీ తీసేసి, కాలో చెయ్యో కదలకుండా పెట్టి, 108కి ఫోన్ చేసి నేరుగా రుయా ప్రభుత్వాసుపత్రికి. ఈ నాలుగు మాటలు మొదలుపెట్టే ముందు గట్టిగా చదివి వినిపించండి.

ఉదయం ఆరున్నరకు మొదలు, ఎనిమిదిన్నరకు ఆపేయాలి, ఇంకా చెత్త మిగిలి ఉన్నా సరే. మూడో గంటలో విసిగిన మనిషి మళ్ళీ రాడు. చివరి అరగంట తూకానికీ వేరుచేయడానికీ ఉంచుకోండి. ప్లాస్టిక్ బస్తా నిండినా ఐదారు కిలోలకు మించదు, కాబట్టి బరువుతో పాటు బస్తాల సంఖ్య కూడా రాయండి. నీళ్ళ సీసాలు, అట్టపెట్టెలు, ఇనుము పాత సామాన్ల కొట్టుకు పోతాయి. చిప్స్, గుట్కా, షాంపూ ప్యాకెట్లు ఎవరూ కొనరు. అందుకే వాటిని కంపెనీలవారీగా లెక్కపెట్టి రాసుకోండి, ఆ పట్టికే తర్వాత కొట్లవాళ్ళతో మాట్లాడేటప్పుడు మీ చేతిలో ఆధారం. అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. నలభై బస్తాలు కట్టి గట్టు మీద పేర్చి, ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. బండి రాదు. రాత్రికి కుక్కలు చింపేస్తాయి. తెల్లారేసరికి ‘చెత్త వేసింది మీరే’ అంటారు జనం. బండి ఏ వేళకు, ఎవరు, ఏ నంబరుది అని ముందురోజే తేలకపోతే కార్యక్రమం వాయిదా వేయండి.

అనుమతులకు ఎక్కువ తిరగనక్కర్లేదు. మీ వార్డు సచివాలయంలో పారిశుద్ధ్య, పర్యావరణ కార్యదర్శి ఉంటారు, అక్కడ మొదలుపెట్టండి. అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్ళి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. వందమందికి మించి పోగయ్యే కార్యక్రమమైతే మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలపాలని, చెత్త అక్కడే వేరుచేయాలని 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు చెప్పాయి. వందకు తక్కువైనా ఆ పద్ధతే పాటించండి. చెరువు అయితే జలవనరుల శాఖ, పంచాయతీ. మైకు పెడితే పోలీసుల అనుమతి. బడి, ఆసుపత్రి, కోర్టు చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతమని మరిచిపోవద్దు.

బ్యానరు గుడ్డది కుట్టించండి, ఆరు అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు, దాని మీద తేదీ వేయకండి. తేదీ లేకపోతే ఐదేళ్ళు పనికొస్తుంది. పర్యావరణ బృందం ఫ్లెక్సీ కడితే మీ వెనకాల నవ్వేది మీ పిల్లలే. టీకి కాగితపు కప్పులు కూడా వద్దు, లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది. ఇంటికో స్టీలు గ్లాసు తెచ్చుకోమనండి, మరిచిపోయేవాళ్ళకు ఇరవై గ్లాసులు అదనంగా పెట్టుకోండి. ఉప్మా విస్తరాకులో పెట్టండి.

జనం రావడం గురించి. వాట్సాప్‌లో బొటనవేలు చూపినవాళ్ళలో సగం వస్తే సంతోషించి, దానికి తగ్గట్టే టిఫిను చెప్పండి. ‘అందరూ రండి’ అంటే ఎవరూ రారు. ‘ఆదివారం ఆరున్నరకు, రెండు గంటలు, త్రాసు దగ్గర మీరు నిలబడాలి’ అని ఇంటికి వెళ్ళి చెబితే ఆ మనిషి వస్తాడు, తమ్ముణ్ణి కూడా తెస్తాడు. పెద్దవాళ్ళకు కూర్చుని చేసే పని ఇవ్వండి, అంటే లెక్క రాయడం, నీళ్ళ క్యాను దగ్గర ఉండడం. పెళ్ళి ముహూర్తాలు బలంగా ఉన్న రోజులు, మే నెలలో గంగమ్మ జాతర వారం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, మార్చిలో పరీక్షలు, ఈ రోజుల్లో కార్యక్రమం పెట్టుకోకండి. ఊళ్ళో తమిళం మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి కరపత్రం ఒక పక్క తెలుగు, ఇంకో పక్క తమిళం వేయండి. వచ్చినవాళ్ళు ఇంటికి పోకముందే తర్వాతి తేదీ చెప్పేయాలి. మరుసటి వారం గ్రూపులో చెబితే వేడి చల్లారిపోయి ఉంటుంది.

కొండ పాదం దగ్గర పిల్లలతో ఏదైనా చేస్తే తెల్లవారి వెలుగు పూర్తిగా వచ్చాకే, సాయంత్రం ఐదు లోపే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టనబెట్టుకుంది. తినుబండారాలు పారేస్తే కుక్కలూ అడవిపందులూ చేరతాయి, వాటి కోసం చిరుత వస్తుంది. ఈ గొలుసు పిల్లలకు చెప్పండి, చెత్తకూ చిరుతకూ ఉన్న సంబంధం వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది.

బడుల్లో జాతీయ హరిత దళం పేరుతో ఎకో క్లబ్బులు ఉంటాయి, ఆ టీచరును పట్టుకోండి. ఉపన్యాసం పది నిమిషాలకు మించకూడదు. మధ్యాహ్న భోజనం తర్వాత చెత్తబుట్టను గోనెపట్ట మీద బోర్లించి, తడి ఎంత, పొడి ఎంత అని పిల్లల చేతే తూయించండి. తర్వాత అక్కడే ఒక చిల్లుల కుండలో ఎరువు మొదలుపెట్టండి. ఒక పాలు కూరగాయల తొక్కలకు రెండు మూడు పాళ్ళు ఎండుటాకులు. వాసన వస్తే తడి ఎక్కువైనట్టు, ఎండుటాకు వేసి కలపాలి. చీమలు పడితే పొడి ఎక్కువైనట్టు, నీళ్ళు చిలకరించాలి. వండిన అన్నం, సాంబారు మొదటి కుండలో వద్దు. ఒకసారి కంపు కొడితే హెడ్మాస్టరు కుండ బయట పెట్టించేస్తారు, మళ్ళీ లోపలికి రానివ్వరు. పిల్లల ఫోటోలు తల్లిదండ్రుల ఒప్పుదల లేకుండా ఎక్కడా పెట్టకండి.

వినాయక చవితికి మట్టి బొమ్మల శిబిరం మీకు బాగా పనికొస్తుంది, ఎందుకంటే దీనికి పర్యావరణం అంటే ఆసక్తి లేనివాళ్ళు కూడా వస్తారు. పండుగకు వారం ముందు పెట్టాలి. ఆరబెట్టడానికి నీడలో నాలుగైదు రోజులు కావాలి. మట్టి కుమ్మరుల దగ్గర కొనండి, చెరువులో మీరే తవ్వుకోవద్దు. మనిషికి కిలో తడి మట్టి ఇస్తే ఐదారు అంగుళాల బొమ్మ వస్తుంది, వందమందికి 120 కిలోలు తెప్పించండి. ముందురోజు రాత్రే నానబెట్టి, రాళ్ళు తీసి, చపాతీ పిండిలా పిసికి ఉంచాలి. అప్పటికప్పుడు నానబెడితే గడ్డలు కడుతుంది. బొమ్మలు పగలడానికి రెండే కారణాలు: పొట్ట భాగం ముద్దగా ఉండడం, ఎండలో పెట్టడం. అడుగు నుంచి చెంచాతో లోపలి మట్టి కొంత తోడేయండి. తొండం, చెవులు అతికేచోట రెండు వైపులా పుల్లతో గీసి, పల్చటి మట్టి పూసి అతకాలి, లేకపోతే ఆరాక ఊడి వస్తాయి. రంగుకు పసుపు, కుంకుమ, బియ్యప్పిండి. పలమనేరు వైపు కాల్చిన మట్టి బొమ్మలు అందంగా ఉంటాయి గానీ కాల్చింది నీళ్ళలో కరగదు, కాబట్టి నిమజ్జనానికి పచ్చి మట్టే. బకెట్టులో వేస్తే తెల్లారేసరికి కరిగిపోతుంది, ఆ నీళ్ళు కుండీకి. బొమ్మ కడుపులో గింజ పెట్టడం ఈమధ్య ఫ్యాషను. పెట్టుకోండి, కానీ బకెట్టులో రెండు రోజులు మగ్గితే గింజ కుళ్ళుతుంది. కరిగిన రోజే కుండీలో పోయమని చెప్పండి.

పక్షుల నడక ఫిబ్రవరికి ఉంచుకోండి. వలస పిట్టలు ఇంకా ఉంటాయి, ఎండ ముదరదు, పైగా ఆ నెల మధ్యలో శుక్రవారం నుంచి సోమవారం దాకా ప్రపంచమంతా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. మీ లెక్కా పక్షుల లెక్కలు నమోదుచేసే వెబ్‌సైటు ఈబర్డ్‌లో చేరుతుంది. రాయలచెరువు లాంటి పెద్ద చెరువు గట్టు అనువుగా ఉంటుంది. దారి చూపేవారికి పదిహేనుమంది కంటే ఎక్కువ వద్దు. ఎనిమిది రెట్లు పెద్దగా చూపే 8×42 దుర్భిణి ముగ్గురికి ఒకటి చాలు. ఎరుపు, తెలుపు చొక్కాలు వద్దనండి. ఒకచోట పదిహేను నిమిషాలు మాట్లాడకుండా నిలబడితే నడిచి వెతికినదానికంటే ఎక్కువ కనబడతాయి. ఇంగ్లీషు పేర్ల కంటే ముందు లకుముకి, నీటికాకి, బుడుబుంగ, బొల్లికోడి, పసులపోలిగాడు అని చెప్పండి. గొర్రెలు కాసే పెద్దాయన ఎవరైనా గట్టు మీద కనబడితే ఆయన ఏమంటారో అడిగి రాసుకోండి. ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరుంటుంది.

సంఘంగా నమోదు ఏడుగురితో చేసుకోవచ్చు, 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సంఘాల చట్టం కింద. అయితే మొదటి ఏడాది అది లేకుండా గడపండి, ఎవరు నిలబడతారో తేలుతుంది. మొక్కలకు నంబరు రేకులు కట్టి, జనవరి 15న, జూన్ 15న, నాటి ఏడాది నిండిన రోజున, ఇలా మూడుసార్లు బతికినవి లెక్కపెట్టి అదే గ్రూపులో పెట్టండి, తగ్గినా దాచకుండా.

మీ కాలనీలో నాటాలనుకున్న చోటుకు కుళాయి గానీ బోరు గానీ ఎంత దూరమో, పైన కరెంటు తీగలు ఉన్నాయో లేదో, కాలువ ఏ వైపు పారుతుందో రాయండి. ముప్పైయా, ఇరవైయా, ఏ రకాలో అప్పుడు తేల్చి చెప్పవచ్చు.